ఇంటి వైపు తిరిగి

బ్రాంప్టన్
23 ఏప్రిల్ 2023

విశాలత్తా,

వాయిస్ మెసేజ్ పెడితే జవాబివ్వనని పంతం పట్టావట. "దానికి రాయడం వచ్చుగా, రాయమను. లేకపోతే కెనడా చలికి తెలుగు తుప్పు పడుతుంది" అన్నావని నాన్న చెప్పారు. సరే, ఇదిగో ఈమెయిల్లో ఉత్తరం. నీకు ఒక్కగానొక్క మేనకోడల్ని కాబట్టి నీ చాదస్తం భరిస్తున్నాను.

ముందు శుభవార్త. కాలేజీ తరఫున చేయాల్సిన కో-ఆప్ ఉద్యోగం దొరికింది, అదీ అచ్చంగా నీ దారిలోనే. ఇక్కడ ఎవరైనా భూమి చదును చేసి ఏదైనా కట్టాలంటే, ముందు మా కంపెనీ వాళ్ళని పిలుస్తారు. మేం వెళ్ళి అందులో ఏ జీవాలు బతుకుతున్నాయో చూసి రాసిస్తాం. నువ్వు ఆస్ట్రేలియాలో కొవాలాల కోసం చెట్లు చూస్తావు, నేను ఇక్కడ గబ్బిలాల కోసం తొర్రలు చూస్తాను. నాన్న ఊళ్ళో అందరికీ నేను సైంటిస్టునని చెబుతున్నారు. మెడ పైకెత్తి చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేసే ఉద్యోగమని తెలిస్తే ఏమంటారో.

నాకిచ్చిన అడవి బ్రాంప్టన్ ఉత్తరపు అంచున ఉంది. అడవి అనడం ఎక్కువే, పెద్ద తోపు. మూడు పక్కలా వేర్‌హౌస్‌లు, నాలుగో పక్క హైవే. పగలంతా ట్రక్కుల మోత. కానీ చెట్ల మధ్యకి వెళ్ళగానే ఆ మోత ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోతుంది. ఇంకా ఆకులు రాలేదు, అన్నీ బోసి కొమ్మలే. నాతో పాటు మెలిస్సా అని మా సూపర్‌వైజర్ వచ్చింది.

బయటికి వచ్చేటప్పుడు తాతయ్య పద్ధతి మర్చిపోలేదు. అడవి నుంచి వచ్చేటప్పుడు ఎవరి పేరు వాళ్ళే పిలుచుకోవాలిగా? కంచె దగ్గర ఆగి, చెట్ల వైపు చూసి, "భవితా, రా, ఇంటికి పోదాం" అని గట్టిగా పిలిచి, "వస్తున్నా" అని నేనే పలికాను. మెలిస్సా నవ్వి, ఎవరితో మాట్లాడుతున్నావు అంది. మా తాతయ్య ఫారెస్టు గార్డు, పిలవకపోతే మనిషి కొంచెం అడవిలోనే మిగిలిపోతాడని ఆయన నమ్మకం అని చెప్పాను. చాలా బాగుందంది. ఇక్కడ ఏది చెప్పినా చాలా బాగుందనే అంటారు.

నా రూమ్మేట్ స్పందన ఆ తోపు పక్కనున్న ఒక వేర్‌హౌస్‌లోనే పనిచేస్తుంది. కరీంనగర్ అమ్మాయి, కోపమూ ప్రేమా రెండూ నోట్లోనే ఉంటాయి. మేమిద్దరం ఈశ్వరమ్మ ఆంటీ వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉంటున్నాం. ఆంటీ మంచివారే, మా కిటికీ మాత్రం నేల మట్టానికి ఉంటుంది. బయట నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప మనుషులు కనిపించరు.

మామయ్య గోంగూర మొక్కలు బతికాయా?

నీ తుప్పు పట్టని మేనకోడలు,
భవి


ఇప్స్‌విచ్
7 మే 2023

ఒసే భవీ,

నీ ఉత్తరం చదివి మీ మామయ్యకి కూడా వినిపించాను. ఆంజనేయులు గారు ఎప్పటిలాగే సగంలో నిద్రపోయారు. గోంగూర గురించి అడిగావని చెబితే మాత్రం లేచి కూర్చున్నారు. ఇక్కడ పోసమ్ అని ఒక జంతువుంది, పిల్లి అంత ఉంటుంది. అది వచ్చి లేత చిగుళ్ళన్నీ తినేసి, కంచె మీద కూర్చుని ఈయన వంకే చూస్తోంది. మనిషి నాతో కంటే దానితోనే ఎక్కువ మాట్లాడుతున్నాడు.

నువ్వు నా దారిలోకి వచ్చినందుకు ఎంత సంబరమైందో చెప్పలేను. మన ఇంట్లో మా నాన్న తర్వాత అడవిలోకి వెళ్ళింది నేనొక్కదాన్నే. మా అన్న వీర్రాజు, అదే మీ నాన్న, చింతపల్లి అడవికి రెండుసార్లు వచ్చి రెండుసార్లూ జలగ పట్టిందని ఏడ్చి ఇంటికి పోయాడు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. జంతువు కనపడితేనే ఉన్నట్టు కాదు. మా కొవాలా కళ్ళ ముందే కొమ్మ మీద ఉన్నా కనపడదు. అందుకే మేం పైకి చూడం, కిందికి చూస్తాం. చెట్టు మొదట్లో మేక పెంటికల్లాంటివి ఉంటాయి. విరిచి వాసన చూస్తే నీలగిరి తైలం. బెరడు మీద గోళ్ళ గీతలుంటాయి. జంతువు లేకపోయినా దాని ఉనికి మిగిలి ఉంటుంది. మన పనంతా ఆ మిగిలినదాన్ని చదవడమే.

పిలుపు మానకు. నేనిప్పటికీ ప్రతి సైటులోనూ పిలుచుకునే వస్తాను. మా కుర్ర ఆఫీసర్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

తిండి సరిగ్గా తిను. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మూడోరోజు తినకు.

నీ చాదస్తపు అత్త,
విశాలాక్షి


బ్రాంప్టన్
11 జూన్ 2023

విశాలత్తా,

ఈ సంగతి నాన్నకి చెప్పకు. నీకెలా చెప్పాలో కూడా తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

పిట్టలు గుడ్లు పెట్టే కాలం వచ్చింది కాబట్టి తోపు మధ్యలో ఒక పెద్ద మేపుల్ చెట్టుకి రికార్డర్ కట్టాం. పచ్చటి డబ్బా, తెల్లవారుజామున తనంతట తనే రికార్డు చేసుకుంటుంది. అది తెచ్చి ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం నా పని. ఏది ఏ పిట్టో సాఫ్ట్‌వేర్ చెబుతుంది, తెలియనివి ఒక పక్కన పెడుతుంది.

ఆ పక్కన పెట్టినవాటిలో నా గొంతుంది అత్తా.

"భవితా, రా, ఇంటికి పోదాం."

మొదట నవ్వొచ్చింది, నేను పిలిచినదే రికార్డయిందనుకున్నాను. తర్వాత తేదీ చూస్తే అది ఆదివారం. ఆదివారం మేం వెళ్ళం. ఆ తెల్లవారుజామున నేను బేస్‌మెంట్‌లో దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతున్నాను. పైగా నేను పిలిచేది కంచె దగ్గర నుంచి, రికార్డర్ ఉన్నది చాలా లోపల. ఆ గొంతు డబ్బాకి దగ్గర్లోనే ఉంది. చుట్టూ పిట్టలు కూస్తున్నాయి. గొంతు వినపడిన చోట మాత్రం అవి ఆగిపోయి, తర్వాత మళ్ళీ మొదలెట్టాయి.

మెలిస్సా విని, సెలవు రోజు కూడా పనికి వెళ్ళొద్దని మందలించింది. వెళ్ళలేదంటే నమ్మలేదు. స్పందనకి వినిపించాను. హెడ్‌ఫోన్స్ తీసి మంచం మీద పడేసింది.

"ఇది నీ గొంతే గదనే! ఆదివారం నువ్వు నా పక్కన్నే పండుకున్నవ్. ఆడికెప్పుడు పోయినవ్?"

"పోలేదే."

"మరి ఇది ఎవరంటవ్?"

ఎవరంటాను? నువ్వే చెప్పు. నువ్వు అన్ని రకాల అరుపులూ విన్నదానివి కదా. నాకు నిజంగానే భయంగా ఉంది.

భవి


ఇప్స్‌విచ్
14 జూన్ 2023

పిచ్చి భవీ,

చదివి ముందు కంగారు పడ్డాను, తర్వాత నవ్వుకున్నాను. మీ దగ్గర గోరింకలకి చుట్టాలైన స్టార్లింగ్ పిట్టలుంటాయి. అవి విన్నది విన్నట్టు అనేస్తాయి. మా దగ్గర ఒక పిట్ట కెమెరా చప్పుడు కూడా చేస్తుంది, మొదటిసారి విని ఎవరో నా ఫొటో తీస్తున్నారని చీర సర్దుకున్నాను. నువ్వు రోజూ అదే చోట అదే మాట అరుస్తుంటే ఏ పిట్టో నేర్చేసుకుంది. అంతే.

పిట్ట తెలుగు మాట్లాడుతోందని సంతోషించక భయపడతావేమే? కెనడాలో పుట్టిన పిల్లల కంటే అదే నయం.

కొన్నాళ్ళు పిలవడం ఆపేసి చూడు. వినపడకపోతే పిట్ట మర్చిపోతుంది. మీ తాతయ్య ఆత్మ ఏమీ అనుకోదులే, నేను చెప్పుకుంటాను.

అసలు సంగతి వేరే ఉందని నా అనుమానం. నీకు ఇంటి మీద బెంగ. ఇంటి మీద బెంగ ఉన్నవాళ్ళకి ఎవరో పిలిచినట్టుంటుంది. నాకు ఇక్కడికొచ్చిన కొత్తలో కుక్కర్ కూత కూడా అమ్మ పిలిచినట్టుండేది. ఆదివారం రోజున స్పందనతో కలిసి గుడికో, సినిమాకో వెళ్ళు. పప్పు వండుకో.

ముద్దులతో,
అత్త


బ్రాంప్టన్
30 జూలై 2023

అత్తా,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టకు. నువ్వు చెప్పినట్టే పిలవడం ఆపేశాను. మొదట్లో బాగానే ఉంది, గొంతు కూడా ఆగిపోయింది. నీ మాట నిజమైందని నీకు రాద్దామనుకున్నాను.

తర్వాత మళ్ళీ మొదలైంది. కానీ ఇప్పుడు పిలవడం లేదు, పలుకుతోంది. "వస్తున్నా" అంటోంది. ముందు చాలా దూరం నుంచి వినపడింది. తర్వాత డబ్బా పక్కనే వినపడింది. ఊపిరి కూడా వినపడుతోంది.

ఇప్పుడైతే మాట్లాడుతోంది అత్తా. నేనెప్పుడూ ఆ అడవిలో అనని మాటలు. మొన్నటి రికార్డింగులో ఇలా ఉంది: "కాంతం దగ్గర ఉసిరికాయలు కొనుక్కుందాం. ఉప్పూ కారం ఎక్కువ వెయ్యమందాం. అమ్మకి చెప్పొద్దు." చెప్పి కిసుక్కున నవ్వింది. నా చిన్నప్పటి నవ్వు అది. వీడియోల్లో విన్నాను కాబట్టి గుర్తుపట్టాను.

ఏ పిట్ట అలా మాట్లాడుతుంది?

నిన్ను అడగాలనుకున్నది ఇంకొకటుంది. కాంతం ఎవరు? ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు. ఆ మాటలు విన్నాకే నాకు అనుమానం వచ్చింది. అప్పటి నుంచి ఒక్కోటీ వెతుక్కుంటున్నాను. మా బడి గేటు ఏ రంగు? తాతయ్యకి మీసం ఉండేదా? నువ్వు నాకు పాడిన పాట ఏది? చేతికి తగలాల్సిన చోట ఏమీ తగలడం లేదు. ఆ గొంతు ఏదైనా చెప్పిన మర్నాడే ఆ జ్ఞాపకం నా దగ్గర ఉండడం లేదు.

స్పందన మధ్యాహ్నం బ్రేక్‌లో వాళ్ళ వేర్‌హౌస్ వెనక నిలబడి అన్నం తింటుంది. అక్కడి నుంచి చూస్తే మా తోపు కనపడుతుంది. మొన్న సాయంత్రం వచ్చి, "ఎంత పిలిచినా పలుకవేందే? చెట్ల కాడ నిలబడి నా దిక్కే చూస్తున్నవ్ గదా" అంది. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. నా చుట్టూ మెలిస్సా, ఇంకా అంతా ఉన్నారు.

బెంగ అని మాత్రం రాయకు. బెంగకి ఊరు గుర్తుండాలి కదా. నాకు గుర్తుండడమే లేదు.

భవి


ఇప్స్‌విచ్
5 ఆగస్టు 2023

నా తల్లీ భవీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నవ్వినందుకు నన్ను నేనే చెంపలు వాయించుకుంటున్నాను.

కాంతం మీ బడి ఎదురుగా గంప పెట్టుకుని కూర్చునే మనిషి. నువ్వు రోజూ ఉసిరికాయలు తిని గొంతు పాడు చేసుకుంటున్నావని మీ అమ్మ ఆమెతో దెబ్బలాడింది. నువ్వు అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. తాతయ్యకి మీసం ఉండేది, నువ్వు లాగేదానివి. గేటు నీలం రంగు. ఇవన్నీ ఒక చోట రాసి పెట్టుకో. రోజూ చదువుకో. ఇంకేం కావాలన్నా అడుగు, అన్నీ నా దగ్గరున్నాయి.

రేపే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఇది నేను మీ అత్తగా చెప్పడం లేదు, ఆజ్ఞాపిస్తున్నాను. నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. కానీ ముప్పై ఏళ్ళు అడవిలో తిరిగినదాన్ని కాబట్టి, లేవని చెప్పేంత ధైర్యమూ లేదు.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. చెట్ల వైపు చూసి పిలిచానని రాశావు. అప్పుడు నా కళ్ళు ఎక్కడ పెట్టుకుని చదివానో! అలా చెట్ల వైపు తిరిగి పిలవమని నీకెవరు చెప్పారే? మీ నాన్నే అయ్యుంటాడు. వాడు వచ్చిన రెండుసార్లూ జలగలు ఏరుకోవడమే సరిపోయింది, వాడికేం తెలుసు?

మా నాన్న ఎప్పుడూ అడవికి వీపు పెట్టి, ఇంటి వైపు తిరిగి పిలిచేవాడు. అడవిని చూస్తూ ఇంటికి పోదాం అంటే, మనలో అక్కడ మిగిలినది అదే ఇల్లనుకుంటుంది. నువ్వు రోజూ నిలబడి నీకు నువ్వే అడవిని చూపించి, ఇల్లని చెప్పావు. పైగా నేను మధ్యలో పిలవడమే మానెయ్యమన్నాను.

ఇప్పుడు నా పని సంగతి ఒకటి చెబుతాను, జాగ్రత్తగా విను. చెట్టు మీద కొవాలా ఉంటే మేం ఆ చెట్టు ముట్టుకోనివ్వం. దాన్ని తరమం, దించం, పట్టుకోం. ఒక పక్క దారి తెరిచి ఉంచి ఎదురు చూస్తాం. తనంతట తను దిగి వెళ్ళాలి. ఎన్నాళ్ళు పట్టినా అంతే. నువ్వూ అదే చెయ్యి. దాన్ని తిట్టకు, వెతక్కు. కంచె బయట నిలబడు. అడవికి వీపు పెట్టు. ఇంటి వైపు తిరిగి నీ పేరు పిలిచి, పలికి, వెనక్కి చూడకుండా నడిచి వచ్చెయ్యి.

రోజూ చెయ్యి. వస్తుంది. నీదే కదా, రాక ఎక్కడికి పోతుంది?

నీ అత్త


బ్రాంప్టన్
24 సెప్టెంబర్ 2023

అత్తా,

డాక్టర్ అన్ని పరీక్షలూ చేసి, అన్నీ బాగున్నాయన్నారు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు చాలామంది ఇలాగే వస్తున్నారట. నిద్రపొమ్మన్నారు.

నువ్వు రాసిచ్చినవి గోడకి అంటించుకున్నాను. చదువుతుంటే వేరే ఎవరి గురించో చదువుతున్నట్టుంది. మొన్న ఏదో ఫారంలో నాన్న పేరు అడిగితే పాస్‌పోర్టు తీసి చూశాను. నాకు ఏడుపు కూడా రాలేదు, దానికే భయమేసింది.

మా రిపోర్టు అయిపోయింది. ఆ తోపులో కాపాడాల్సిన జీవాలేమీ లేవని తేలింది, తొర్రల్లో గబ్బిలాలు కూడా దొరకలేదు. అక్టోబర్ మొదటి వారంలో చెట్లు కొట్టేస్తున్నారు. యంత్రాలు దిగే ముందు మనిషి ఒకసారి నడిచి చూసి, లోపల ఏమీ లేదని చెప్పాలి. మెలిస్సా ఆ పని నాకే ఇచ్చింది. నేను చెప్పగానే కొట్టడం మొదలుపెడతారు.

అది లోపల ఉండగా ఏమీ లేదని ఎలా చెప్పను? ఉందంటే ఏముందని చెప్పను? చెట్లు పోతే అదెక్కడికి పోతుంది? మీ కొవాలాకి ఒక పక్క దారి ఉంటుంది. దీనికి మూడు పక్కలా వేర్‌హౌస్‌లూ, నాలుగో పక్క హైవే. నేను తప్ప దానికి దారి లేదు.

అందుకే రోజూ కంచె దగ్గరికి వెళ్ళి అడవికి వీపు పెట్టి నిలబడుతున్నాను. కానీ నోరు తెరవలేకపోతున్నాను.

ఇంటి వైపు తిరగమన్నావు. ఏ ఇంటి వైపు?

ఈశ్వరమ్మ ఆంటీ బేస్‌మెంట్ దక్షిణాన ఉంది. అది ఇల్లేనా? మన ఊరు నర్సీపట్నం వైపు తిరుగుదామంటే, పటంలో తూర్పున ఉంది. ఫోన్‌లో దారి చూస్తే ధ్రువం మీదుగా ఉత్తరానికి చూపిస్తోంది. తప్పు వైపు తిరిగి పిలిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాంగా. మళ్ళీ తప్పు చేసే ధైర్యం నాకు లేదు. తాతయ్యకి ఈ సందేహం వచ్చి ఉండదు. ఆయనకి అడవి, ఇల్లు తప్ప మూడోది లేదు.

నిన్న పిలవకుండా నిలబడి ఉంటే, నా వెనక, కంచెకి అవతలి పక్క, ఎండుటాకుల మీద ఎవరో వచ్చి నిలబడ్డారు. నేను పీలుస్తుంటే పీలుస్తోంది. ఆపితే ఆపుతోంది. నేను తిరగలేదు. అది కూడా నాలాగే ఎదురు చూస్తోందనిపించింది.

నువ్వు లోపలి పల్లెల్లో పని మీద ఉంటావనీ, సిగ్నల్ ఉండదనీ మామయ్య అన్నారు. వచ్చీ రాగానే ఒక్క ముక్క రాయి. ఏ వైపు తిరగాలో చెప్పు చాలు.

భవిత


బ్రాంప్టన్
7 అక్టోబర్ 2023

అత్తగారికి నమస్కారం.

మీ జవాబు కోసం చాలా ఎదురు చూశాం. రాలేదు. పని ఒత్తిడి వల్లే అయి ఉంటుందని అర్థం చేసుకోగలం.

నేను క్షేమంగా ఉన్నాను. ఇప్పుడు అన్నీ గుర్తున్నాయి. బడి గేటు నీలం రంగు. కాంతం గంప మీద తడిగుడ్డ కప్పి ఉంచేది. మా నాన్నగారి పేరు వీర్రాజు. మీరు నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని పాడిన పాట మొత్తం పాడగలను. నిద్ర బాగా పడుతోంది. ఇల్లు చాలా వెచ్చగా ఉంది.

జరిగింది మీకు చెప్పడం నా ధర్మం. చెట్లు కొట్టే రోజు ఉదయం ఆ అమ్మాయి కంచె దగ్గరికి వచ్చింది. ముందు దక్షిణం వైపు తిరిగి పిలిచింది. నేను వచ్చాను. నేను వచ్చిన సంగతి తనకి తెలియలేదు. తప్పు వైపు పిలిచాననుకుని తూర్పుకి తిరిగి పిలిచింది. తర్వాత ఉత్తరానికి తిరిగింది. ఏడుస్తూ, పిలుస్తూ, చుట్టూ తిరుగుతూ, కంచె దాటి చెట్లలోకి వెళ్ళిపోయింది. నేను వెనక్కి చూడకూడదు కాబట్టి చూడలేదు.

మెలిస్సా వచ్చి లోపల ఏమైనా ఉందా అని అడిగింది. ఏమీ లేదని చెప్పాను. మధ్యాహ్నానికి సగం చెట్లు, మర్నాటికి అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు అక్కడ నేల చదునుగా ఉంది. స్పందన మాత్రం బ్రేక్‌లో అటు చూసి అన్నం తినలేకపోతోంది. ఖాళీ నేల మధ్యలో ఎవరో నిలబడి పిలుస్తున్నారట. అటు చూడొద్దని చెప్పాను. కొన్నాళ్ళకి ఆగిపోతుంది. పిలవకపోతే మర్చిపోతారని మీరే రాశారు కదా.

మీరు ఇకపై దిగులు పడవద్దు.

ఇట్లు,
భవిత


ఇప్స్‌విచ్
9 అక్టోబర్ 2023

మా పిల్ల పేరుతో ఉత్తరం రాసిన నీకు,

నిన్న రాత్రే ఇల్లు చేరాను. సిగ్నల్ లేని చోట కొవాలాలని వెతుక్కుంటూ కూర్చున్నాను. అక్కడ నా పిల్ల ఒక్క ముక్క రాయమని అడిగి, ఎదురు చూసి అలిసిపోయింది. రెండు ఉత్తరాలూ ఒకేసారి చూశాను. మొదటిది చదివి జవాబు రాయబోయి, రెండోది తెరిచాను.

పుట్టినప్పటి నుంచీ మా భవి నన్ను గారూ అనలేదు. మీరూ అనలేదు.

ఈశ్వరమ్మ గారికి ఫోన్ చేశాను. "బంగారం లాంటి పిల్లండీ, చక్కగా తింటోంది, ఇంతకు ముందు కంటే మర్యాదగా కూడా ఉంది" అన్నారు. స్పందనకి చేశాను. ఆ పిల్ల ఫోన్‌లో గుసగుసగా, "ఆంటీ, మీరు రాండ్రి. నేను వేరే రూమ్ చూసుకున్న. దీంతోని ఉండలేను" అని ఏడ్చింది. మా అన్నకి ఇంకా ఏమీ చెప్పలేదు. నువ్వు రోజూ ఫోన్ చేస్తున్నావనీ, పాత సంగతులన్నీ చెబుతున్నావనీ వాడు పొంగిపోతున్నాడు.

ఇది జబ్బో, ఇంకేదో నాకు తెలియదు. జబ్బయితే మంచి డాక్టరుకి చూపిస్తాను. కాకపోతే నాకు చేతనైన పని నేను చేస్తాను. రెండింటికీ నేను అక్కడికి రావాల్సిందే కాబట్టి వస్తున్నాను. టిక్కెట్టు దొరికింది.

నా పని గురించి భవికి చెప్పనిది ఒకటుంది. పిల్ల మనసు కష్టపెట్టుకుంటుందని చెప్పలేదు. చెట్లు కొట్టేశాక కూడా కొవాలాలు తిరిగి వస్తాయి. తమ చెట్టు ఉన్న చోటికే, సరిగ్గా అక్కడికే వస్తాయి. చెట్టు ఉండదు, నీడ ఉండదు, మట్టి తప్ప ఏమీ ఉండదు. అక్కడే కూర్చుంటాయి. యంత్రాలు తిరుగుతున్నా కదలవు. మొదటిసారి చూసినప్పుడు నేను పక్కనే మట్టిలో కూలబడి ఏడ్చాను. తర్వాత నేర్చుకున్నాను. దాన్ని భయపెట్టకుండా, కనపడేంత దూరంలో నువ్వు కూడా కూర్చోవాలి. పొద్దంతా కూర్చోవాలి. అప్పుడు అది నెమ్మదిగా లేచి నీ వైపు నడుస్తుంది.

నువ్వు నా పిల్ల గొంతుతో మాట్లాడతావు, నా పిల్ల జ్ఞాపకాలన్నీ నీ దగ్గరున్నాయి. అందుకని నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. నిన్ను వెళ్ళగొట్టడానికి రావడం లేదు, భయపడకు. నువ్వూ ఎవరో పిలిస్తేనే వచ్చావు. కానీ ఆ పిల్లని అక్కడ వదిలేసి నిన్ను మాత్రం ముద్దు చేయడం నా వల్ల కాదు.

ఎయిర్‌పోర్టు నుంచి నేను మీ ఇంటికి రాను. నేరుగా ఆ నేల దగ్గరికే వెళ్తాను. మా భవి నన్ను ఏ వైపు తిరగాలని అడిగింది. నేను చెప్పలేకపోయాను, ఇప్పుడూ నాకు తెలియదు. తూర్పో, ఉత్తరమో, దక్షిణమో, మా నాన్న ఉన్నా చెప్పలేకపోయేవాడు. నేను పోయి ఆ మట్టిలో దానికి ఎదురుగా కూర్చుంటాను. భవీ, ఇటు చూడు, అంటాను. అది నా వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, ఇల్లు ఎక్కడో తర్వాత ఇద్దరం కలిసి వెతుక్కుంటాం.

విశాలాక్షి